రిపీటర్ గురించి మన హ్యామ్‌లలో ఉన్న అపోహలు - వాస్తవాలు

కర్నూలు బయట ఒక గుట్ట మీద మా హ్యామ్ క్లబ్ (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల క్లబ్) రిపీటర్ ఉంది. మన చిన్న సెట్ల మాటను విని దూరానికి మళ్లీ పంపే యంత్రం అది. నెలకోసారి పైకెళ్లి బ్యాటరీ టెర్మినళ్లు తుడవడం, ఫ్యాన్‌లో దుమ్ము దులపడం, కేబుల్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయేమో చూడడం నా పని. కొత్తగా వీయూ త్రీ కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే రేడియో గుర్తింపు పేరు) చేతికొచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నలూ, పాతవాళ్లు ఏళ్ల తరబడి నమ్ముతూ వస్తున్న మాటలూ నా దగ్గరికే వస్తాయి. వాటిలో కొన్ని అందరి రిపీటర్‌కూ చేటు చేస్తున్నాయి కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: రిపీటర్ సెల్ టవర్ లాంటిదే, ఎంతమంది మాట్లాడుకున్నా సరిపోతుంది

వాస్తవం: సెల్ టవర్ ఒకేసారి ఎన్నో సంభాషణలు మోస్తుంది. రిపీటర్ మోసేది ఒక్కటే. రెండు మీటర్ల బ్యాండ్‌లో (తరంగం పొడవు సుమారు రెండు మీటర్లుండే ఫ్రీక్వెన్సీల్లో) మీ హ్యాండీ (చేతి రేడియో సెట్) పంపిన మాటను అది ఒక ఫ్రీక్వెన్సీలో విని, ఆ క్షణంలోనే మామూలుగా 600 కిలోహెర్ట్జ్ పైన ఉండే ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి చెబుతుంది. మా దాంట్లో వినడం, చెప్పడం రెండూ ఒకే యాంటెన్నాతో జరుగుతాయి. తన గొంతు తన చెవిలో పడకుండా మధ్యలో డూప్లెక్సర్ అనే ఫిల్టర్ డబ్బాలు కాపలా కాస్తుంటాయి.

ఒకరు పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకునే బటన్) నొక్కితే మిగతావాళ్లంతా ఆగాల్సిందే. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎఫ్‌ఎంలో బలమైన సిగ్నల్ నిలబడుతుంది, రెండోది అణగిపోతుంది. రెండూ సమానమైతే కీచుమనే గోల తప్ప ఎవరి మాటా అర్థం కాదు. బాధ ఏమిటంటే, అణగిపోయినవాడికి తన మాట ఎవరికీ చేరలేదని కూడా తెలియదు. గుట్ట నీడలో, చిన్న హ్యాండీతో ఉన్నవాడే ప్రతిసారీ అణగిపోతాడు.

ఒకే బోరు కింద అన్నదమ్ములు వంతులు వేసుకుని మడి పారించుకుంటారు కదా, రిపీటర్ కూడా వంతు లెక్కే. ఎదుటివాళ్ల ఓవర్ (మాట్లాడే వంతు) అయిపోగానే నొక్కకుండా మనసులో ఒకటి, రెండు అనుకుని అప్పుడు నొక్కండి. హైవే మీద యాక్సిడెంట్ చూసినవాడు ‘బ్రేక్’ అనడానికి దొరికేది ఆ రెండు సెకన్లే. బ్రేక్ వినపడితే మీ వాక్యం పూర్తి కాకపోయినా ముందు అతనికి దారివ్వండి.

అపోహ: మాట మధ్యలో కట్ అయిందంటే రిపీటర్ పాడైనట్టే

వాస్తవం: అది టైమర్ పని, ఒకరు ఆగకుండా మాట్లాడుతుంటే కాసేపటికి రిపీటర్‌ను ఆపేస్తుంది. మా దాంట్లో మూడు నిమిషాలు పెట్టాం. ఆగకుండా మాట్లాడేకొద్దీ ట్రాన్స్‌మిటర్ వేడెక్కుతుంది. మే నెలలో గుట్ట మీద క్యాబినెట్ తలుపు తీస్తే మొహానికి పొయ్యి సెగ తగిలినట్టుంటుంది, హీట్ సింక్ మీద చెయ్యి పెట్టలేం. టైమర్ లేకపోతే ఆ వేడికి ఫైనల్ ట్రాన్సిస్టర్ పోతుంది, అది మార్చడానికి మళ్లీ చందాలు వేసుకోవాలి.

ఈ టైమర్ గురించి ఒక సంగతి చెప్పాలి. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది, “అన్నా, రిపీటర్ చచ్చిపోయినట్టుంది” అని. నాకు టెన్షన్ పట్టుకుంది. గుట్ట ఎక్కే ముందు ఎందుకో హ్యాండీలో రివర్స్ బటన్ నొక్కి, రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీని నేనూ విన్నాను. మనిషి మాట లేదు. స్కూటర్ చప్పుడు, హారన్లు, వాటి వెనక ఉల్లిగడ్డల ధర అరుస్తున్న గొంతు.

ఎవరిదో పీటీటీ నొక్కుకుపోయింది. టైమర్ తన పని తాను చేసి రిపీటర్ నోరు మూసింది. ఆ క్యారియర్ (సెట్ పంపుతున్న సిగ్నల్) ఆగితేగానీ టైమర్ మళ్లీ సున్నాకు రాదు. అప్పటిదాకా జిల్లాలో ఎవరికీ రిపీటర్ లేదు. అతనికి చెబుదామంటే వినపడదు, అతని సెట్ పంపుతోందే తప్ప వినడం లేదు.

ఇద్దరం బండి మీద బయల్దేరాం. బళ్ళారి చౌరస్తాలో సిగ్నల్ బలహీనంగా ఉంది. సి.క్యాంపు వైపు వెళ్లేకొద్దీ పెరిగింది. రైతుబజార్ దగ్గర మీటర్ నిండిపోతే యాంటెన్నా ఊడదీసి, హ్యాండీని గుండెకు ఆనించుకుని నిలబడినచోటే మెల్లగా చుట్టూ తిరిగాను. ఒంటిచాటున సిగ్నల్ తగ్గిన చోటికి సరిగ్గా వీపు వెనక, వరసలో మూడో స్కూటర్ ముందు కొక్కేనికి ఒక సంచి వేలాడుతోంది. అందులో టిఫిన్ బాక్స్ అంచు హ్యాండీ పక్క బటన్ మీద కూర్చుని ఉంది. సెట్ కాలిపోతోంది. స్కూటర్ మా సభ్యుడిదే. కూరగాయలతో వచ్చి సంగతి తెలుసుకుని అతను పడ్డ బాధ చూస్తే మాకింకో మాట అనబుద్ధి కాలేదు.

కీ లాక్ వేశాం కదా అనుకోకండి, చాలా సెట్లలో కీ లాక్ పీటీటీని ఆపదు. మీ హ్యాండీ మెనూలో టీఓటీ (టైమ్ అవుట్ టైమర్, సెట్‌ను దానంతటదే ఆపేది) అని ఉంటుంది, దాన్ని రెండు నిమిషాలకు పెట్టుకోండి. ఈ ఒక్క పని ఈరోజే చేయండి.

అపోహ: వాట్లు పెంచితే దూరం పెరుగుతుంది

వాస్తవం: ఈ బ్యాండ్‌లో దూరాన్ని నిర్ణయించేది ముందుగా ఎత్తు. యాంటెన్నా చుట్టూ ఉన్న నేలకంటే 100 మీటర్లు పైన ఉంటే, చేతిలో హ్యాండీతో మైదానంలో నిలబడినవాడికి లెక్క ప్రకారం దాదాపు 46 కిలోమీటర్ల వరకు అందుతుంది. ఎర్రమల కొండల చాటుకు వెళ్లాక 5 వాట్లకు అందనిది 50 వాట్లకు అందుతుందని ఆశపడకండి. ఇంకో మాట. మీ 5 వాట్లతో రిపీటర్ గరగర లేకుండా తెరుచుకుంటే (మీ మాట అందుకుని పలికితే), 50 వాట్లు పెట్టినా వినేవాళ్లకు ఏ తేడా ఉండదు. రిపీటర్ తన బలంతోనే పంపుతుంది, మీ బలంతో కాదు. పైగా పక్క జిల్లాలో అదే ఫ్రీక్వెన్సీ వాడే రిపీటర్‌ను కూడా మీరు తెరుస్తారు. డబ్బులు పెట్టాలనుంటే రబ్బరు యాంటెన్నా తీసేసి అర మీటరు పొడవున్న క్వార్టర్ వేవ్ పెట్టుకోండి.

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6లో వెళ్లిన మన హ్యామ్‌ల ఉపగ్రహం హ్యామ్‌శాట్ కాలం గుర్తున్నవాళ్లకు, అవసరానికి మించిన పవర్ చేటని బాగా తెలుసు. అందులోది లీనియర్ ట్రాన్స్‌పాండర్ (ఒకేసారి చాలామంది సిగ్నళ్లను తిరిగి పంపే పరికరం), ఉన్న కొద్ది పవర్‌ను అందరూ పంచుకోవాలి. ఒకరు అవసరానికి మించి బలంగా వస్తే మిగతా అందరి గొంతులూ సన్నబడిపోయేవి.

అపోహ: ఊరికే పీటీటీ నొక్కి వదిలితే ఎవరికేం నష్టం

వాస్తవం: నొక్కిన ప్రతిసారీ వింటున్నవాళ్లందరి సెట్లూ ఒకసారి చప్పుడు చేసి ఆగిపోతాయి. కాసేపటికి విసుగొచ్చి వాళ్లు వాల్యూమ్ తగ్గించేస్తారు, అసలైన పిలుపు వచ్చినప్పుడు వినేవాళ్లుండరు. కాల్‌సైన్ చెప్పి ‘టెస్టింగ్’ అనండి, అయిపోతుంది. కాల్‌సైన్ చెప్పడం ఎలాగూ నిబంధనే.

అపోహ: టోన్ పెట్టాం కాబట్టి మన మాటలు మన మధ్యే ఉంటాయి

వాస్తవం: మాటతో పాటు సెట్ పంపే 88.5 హెర్ట్జ్ లాంటి టోన్ రిపీటర్‌ను అనవసరపు గోలకు తెరుచుకోకుండా ఆపడానికి, అంతే. మీ మాటలు లోకమంతా వినొచ్చు. ఇంటి గొడవలు, వ్యాపారం బేరాలు అక్కడ వద్దు. వ్యాపార సందేశాలకు ఈ లైసెన్సు అసలే పనికిరాదు.

అపోహ: రిపీటర్‌ను ఆపదల కోసం దాచుకోవాలి, కబుర్లకు వాడకూడదు

వాస్తవం: ఇది మంచి మనసుతో చెప్పే మాటే, కానీ తప్పు. రోజూ వాడని రిపీటర్ ఎప్పుడు చెడిందో ఎవరికీ తెలియదు. ఒకసారి కోతులు కేబుల్ కొరికిన సంగతి నాకు ముందు చెప్పింది, రాత్రి తొమ్మిదికి నెట్‌లో (రేడియో మీద జరిగే సభలో) కలిసే పిల్లలే. కాబట్టి మాట్లాడండి, బాగా మాట్లాడండి.

ఆపద వచ్చినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊరిమీద పడిన సంగతి కర్నూలులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అలాంటి రోజు కరెంటు ఉండదు, రిపీటర్ బతికేది బ్యాటరీ మీదే. మాది 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, పాడవకుండా వాడుకోగలిగేది సగం. ఊరికే వింటూ కూర్చుంటే రిపీటర్ అర ఆంపియర్ తీసుకుంటుంది, పలికితే ఏడు ఆంపియర్లు. మౌనంగా ఉంటే నాలుగు రోజులు, ఆగకుండా మాట్లాడితే ఏడు గంటలు.

అందుకే దగ్గర్లో ఉన్నవాళ్లు రిపీటర్ మీద ఆధారపడడం మానాలి. ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు రివర్స్ నొక్కి వినండి. నేరుగా వినపడితే ‘సింప్లెక్స్‌కి క్యూఎస్‌వై’ (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడే ఫ్రీక్వెన్సీకి మారదాం) అని చెప్పి పక్కకు తప్పుకోండి. నెలకోసారి నేను రిపీటర్ ఆపేసి ఈ అలవాటు చేయిస్తున్నాను. మొదటిసారి నలుగురే దొరికారు. రెండోసారి నంద్యాల చెక్‌పోస్ట్ వైపు ఉండే కుర్రాడు హ్యాండీ పట్టుకుని మిద్దె ఎక్కాడు. అటు పక్కవాళ్లది ఇటు, ఇటువాళ్లది అటు చెబుతూ నలభై నిమిషాలు నీళ్ల ట్యాంకు పక్కనే నిలబడ్డాడు.