ముందు సైట్, వెనక సైట్, మధ్యలో మన కన్ను: అపోహలు - వాస్తవాలు

ఆర్మీలో నేను ఆర్మరర్‌ని. ఆయుధాలు విప్పడం, బిగించడం, జీరోయింగ్ (గురి పెట్టిన చోటే తూటా పడేలా సరిచేయడం) చేయించడం తప్ప వేరే పని పెద్దగా తెలీదు. రిటైరయ్యి శ్రీకాకుళం వచ్చేశాక లైసెన్సున్న ఒక డీలరు దగ్గర రిపేరు బల్ల ముందు కూర్చుంటున్నాను. పలాస జీడిపప్పు వ్యాపారులు వస్తారు, విజయనగరం వైపు మిల్లుల వాళ్లు వస్తారు, నాలాంటి మాజీ సైనికులు వస్తారు. దాదాపు అందరి దగ్గరా ఉన్నది .32 బోరు (అంటే గొట్టం లోపలి కొలత) రివాల్వరో, పిస్టలో. ఈ మధ్య మాత్రం మనిషి కుర్చీలో కూర్చోకముందే ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తున్నాడు.

"సుబేదారు గారూ, ఈ ఆకుపచ్చ చుక్కల సైట్ మన దానికి పడుతుందేటి?"

సైట్ అంటే గురి చూసుకోవడానికి ఆయుధం పైన ముందొకటి, వెనకొకటి ఉండే గుర్తు. వాళ్లు అడిగే సైట్ చాలావరకు పడదు. ఆ వీడియోల్లో ఉన్నవి ఎక్కువగా 9 ఎం.ఎం. పిస్టళ్లు. మన దేశంలో 9 ఎం.ఎం. ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సుదారుకి దొరకదు. వాటి కోసం చేసిన సైట్లు మన .32 పిస్టల్ స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద ఉన్న గాడిలో కూర్చోవు. రివాల్వర్ అయితే మరీను. చాలా రివాల్వర్లలో వెనక సైట్ అని విడిగా ఏమీ ఉండదు, ఫ్రేమ్ పై పట్టీలోనే ఒక గాడి కోసి ఉంటుంది. మార్చడానికి అక్కడ వస్తువే లేదు. అయినా అడిగేవాళ్ల మాటల్లో కొన్ని అపోహలు పదేపదే వినపడుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: కొత్త సైట్ వేస్తే గురి కుదురుతుంది.

పోయిన ఏడాది ఒకాయన వచ్చారు. తూటాలన్నీ కిందికి, ఎడమ పక్కకి పోతున్నాయట. సైట్ వంకరగా ఉంది, మార్చేయమన్నారు. బల్ల మీద చూస్తే సైట్‌కి ఏ లోపమూ లేదు. రేంజ్‌కి తీసుకెళ్లి ఆయన చూడకుండా రివాల్వర్ సిలిండర్‌లో మూడు నిండు తూటాలు, మూడు కాల్చేసిన ఖాళీ కేసులు కలిపి పెట్టి, తిప్పి చేతికిచ్చాను. రెండో నొక్కుకి ఖాళీ కేసు వచ్చింది. చప్పుడు లేదు, కుదుపు లేదు, కానీ గొట్టం మూతి మాత్రం చటుక్కున కిందికి వంగింది. ఆయనే చూసుకుని నవ్వేశారు. పేలబోతోందని చెయ్యి ముందే బిగుసుకుంటోంది. దానికి ఎన్ని వేల రూపాయల సైటూ మందు కాదు. ఇంట్లో ఖాళీ ఆయుధంతో, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడ వైపు చూపిస్తూ ముందు సైట్ కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం నెల రోజులు చేయమన్నాను.

సైట్‌ని అనుమానించే ముందు ఇంకొకరి చేత కాల్పించి చూడండి. ఇద్దరివీ ఒకే చోట పడితే అప్పుడు సైట్ గురించి మాట్లాడుకుందాం.

అపోహ: తూటా కిందికి పోతుంటే ముందు సైట్ ఎత్తు పెంచాలి.

ఇది తిరగేసిన లెక్క. వెనక సైట్‌ని ఎటు జరిపితే తూటా అటు పోతుంది. ముందు సైట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముందు సైట్ ఎత్తు తగ్గితే, గురి కుదరడానికి మనం గొట్టం మూతిని కాస్త పైకి ఎత్తుతాం, తూటా పైకి పోతుంది.

ఎంత తగ్గించాలో కూడా లెక్కుంది. రెండు సైట్ల మధ్య దూరం 120 మి.మీ. అనుకుందాం. 10 మీటర్ల దూరంలో తూటా 5 సెం.మీ. కిందికి పడుతోంది. అన్నీ మిల్లీమీటర్లలోకి మార్చి, 50ని 120తో హెచ్చవేసి 10,000తో భాగించండి. 0.6 మి.మీ. వస్తుంది. అంతే! ఇంత చిన్న పనికి పెద్ద ఆకురాయి పట్టుకుని నాలుగు సార్లు బలంగా రాకితే 2 మి.మీ. పోతుంది, తర్వాత తూటా లక్ష్యం పైనుంచి దాటిపోతుంది. పోయిన ఇనుము మళ్లీ అతకదు. అలా "మా ఊరి లేత్ ఆయన చేశాడండి" అంటూ నా బల్ల దగ్గరికి వచ్చిన రివాల్వర్లు రెండు. సన్న ఆకురాయితో రెండు గీతలు రాకాలి, కాల్చి చూడాలి, మళ్లీ రెండు గీతలు. అదీ మీరు రోజూ లోడ్ చేసి ఉంచుకునే తూటాతోనే చూడాలి. తూటా బరువు మారితే పడే చోటు మారుతుంది.

అదే లెక్క తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అదే 120 మి.మీ. సైట్ దూరంలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి తప్పి కనపడితే, 7 మీటర్ల దగ్గర తూటా దాదాపు 6 సెం.మీ. పక్కకి పోతుంది. గొట్టం పొట్టిదైతే సైట్ల మధ్య దూరం తగ్గి ఈ తప్పు ఇంకా పెరుగుతుంది, చిన్న రివాల్వర్ వాడేవాళ్లు గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే.

అపోహ: మూడు చుక్కలు ఒక వరసలోకి వస్తే చాలు.

కొన్ని సైట్లకి వెనక రెండు, ముందు ఒకటి చుక్కలు వేసి ఉంటాయి. అవి చూపుని ఆకర్షించడానికే. అసలు గురి ముందు సైట్ పై అంచూ, వెనక గాడి పై అంచూ ఒకే మట్టంలో ఉండటంలో ఉంది. గాడిలో ముందు సైట్‌కి రెండు పక్కలా ఒకే వెడల్పు వెలుగు కనపడాలి. చుక్కలు అంచుల కంటే కిందుగా వేసి ఉంటాయి, ఫ్యాక్టరీలో చుక్క పెట్టడంలో కొంచెం తేడా ఉన్నా మన కన్ను ఆ తేడానే నమ్మేస్తుంది. పైగా వెనక రెండు చుక్కలు ముందు చుక్కంత మెరుస్తుంటే కన్ను దేన్ని చూడాలో తేల్చుకోలేదు. నా ఇష్టమంటారా, వెనక మొత్తం నల్లగా, ముందు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనపడాలి.

వెడల్పు సంగతీ చూసుకోండి. 3.2 మి.మీ. వెడల్పున్న ముందు సైట్ చాచిన చేతి దూరంలో, అంటే 65 సెం.మీ.లో ఉంటే, 7 మీటర్ల దగ్గర మూడున్నర సెంటీమీటర్లు కప్పుతుంది, 25 మీటర్ల దగ్గర 12 సెంటీమీటర్లు కప్పుతుంది. ఇంట్లో ఆత్మరక్షణకి 25 మీటర్లతో పని ఏముంది? హాలు ఈ మూల నుంచి ఆ మూలకి కొలిస్తే ఆరేడు మీటర్లు. కాబట్టి పోటీల్లో కాల్చేవాళ్లలా సన్నటి సైట్ కోసం వెతకక్కర్లేదు. దానికంటే వెనక గాడి కాస్త వెడల్పుగా ఉండటం ముఖ్యం. ఇరుకు గాడిలో సాయంత్రం వెలుగు సన్నగిల్లగానే ఆ రెండు పక్కల వెలుగు గీతలు మాయమైపోతాయి.

అపోహ: చీకట్లో మెరిసే సైట్ ఉంటే రాత్రి భయం లేదు.

చీకట్లో దానంతటదే వెలిగేది ట్రిటియం సైట్. చిన్న గాజు గొట్టంలో ట్రిటియం వాయువు, లోపలి గోడకి మెరిసే పూత. బ్యాటరీ అక్కర్లేదు, ఎండలో పెట్టక్కర్లేదు. కానీ ట్రిటియం సగానికి సగం తరిగిపోవడానికి పట్టే కాలం 12.3 ఏళ్లు. అంటే పన్నెండేళ్లు తిరిగేసరికి వెలుగు సగమే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు తయారీ సంవత్సరం చూడకపోతే ఆరిపోయిన దీపాన్ని కొన్నట్టే. ఇది రేడియోధార్మిక పదార్థం కూడా. ఎక్కడినుంచో పార్సిల్‌లో తెప్పించుకునే వస్తువు కాదు.

ఫైబర్ ఆప్టిక్ వేరు. ఆ ఎర్ర, ఆకుపచ్చ ప్లాస్టిక్ పుల్ల చుట్టూ ఉన్న వెలుగుని పోగుచేసి చివర చూపిస్తుంది. పట్టపగలు దీపంలా ఉంటుంది. చీకటి గదిలో వెలుగే లేకపోతే అది చూపించేదేముంది? పైగా పుల్ల విరుగుతుంది, ఘాటైన క్లీనింగ్ ద్రావకాలు తగిలితే పాడవుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు. ఆ రోజుల్లో మెరిసే సైట్ ఉన్న ఒక పెద్దాయన నాతో అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది. "రాత్రి పెరట్లో అలికిడైంది మాస్టారూ. చుక్క బాగానే ఎలుగుతోంది గానీ ఎదర ఉన్నోడెవుడో తెలీట్లేదు." ఆ ఎదర ఉన్నోడు టార్పాలిన్ కోసం వచ్చిన ఆయన తమ్ముడి కొడుకు. మెరిసే సైట్ మన గురి ఎక్కడుందో మనకి చెబుతుంది, ఎదుటి మనిషెవరో చెప్పదు. డబ్బు ఖర్చు పెట్టాలనుంటే ముందు మంచి టార్చి కొనుక్కోండి. నేను ఇంత గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే.

మరొకటి, ఉద్దానం వాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. జీడి తోటలో ఎలుగుబంటి కోసం సైట్ మార్చుకుందామనుకోవద్దు. .32 తూటా దానికి సరిపోదు, దెబ్బ తిన్న ఎలుగు మరింత ప్రమాదం, పైగా అది చట్టం రక్షణ ఉన్న జంతువు. ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేయండి.

అపోహ: అటూ ఇటూ తిప్పుకునే సైట్ అయితే మేలు.

పోటీలకి మేలే. రోజూ నడుముకో, లాకర్‌లోనో ఉండే ఆయుధానికి వద్దు. చిన్న స్క్రూలు, స్ప్రింగులు, దేనికో తగిలి జరిగితే మనకి తెలియనే తెలియదు. గట్టిగా బిగించిన స్థిర సైటే మంచిది.

అపోహ: కళ్లు మందగించాయి, పెద్ద చుక్క సైట్ కావాలి.

నలభై దాటిన వాళ్లలో నాకు ఎక్కువగా వినపడేది ఇదే. తప్పు సైట్‌ది కాదు, చత్వారానిది. కన్ను ఒకసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. వెనక గాడి, ముందు సైట్, లక్ష్యం, ఈ మూడింట్లో ముందు సైట్ స్పష్టంగా ఉండాలి, మిగతా రెండూ కాస్త మసకగా ఉన్నా నష్టం లేదు. చత్వారం వచ్చాక సరిగ్గా ఆ ముందు సైటే మసకబారుతుంది.

పేపరు చదువుకునే అద్దాలు పెట్టుకుని చూస్తారు, కుదరదు. +2.5 అద్దం 40 సెం.మీ. దగ్గర స్పష్టంగా చూపిస్తుంది. ముందు సైట్ ఉన్నది 65 సెం.మీ. చిల్లర దూరంలో. దూరం చూపు బాగున్నవాళ్లకి అక్కడ కావాల్సింది +1.5 చుట్టుపక్కల. కంటి డాక్టరుకి "చాచిన చెయ్యంత దూరం చూడాలి" అని చెప్పండి, కంప్యూటర్ అద్దాల్లాగే రాసిస్తారు. బైఫోకల్ వాడేవాళ్లు కింది గాజులోంచి చూడటానికి తల పైకెత్తుతారు, దాంతో మెడ, భుజం, చెయ్యి అన్నీ మారిపోతాయి. సైట్లకి పెట్టే డబ్బులో చిన్న భాగంతో పోయే బాధ ఇది. అర్ధరాత్రి లేచినప్పుడు అద్దాలెక్కడ పెట్టానా అని తడుముకోవాలి కదా అంటారు. నిజమే. అందుకే టార్చి పక్కనే అద్దాలూ.

అపోహ: సైట్ మార్చడం ఇంట్లో సుత్తి పని.

పిస్టల్ వెనక సైట్ పావురం తోకలాంటి అడ్డగాడిలో బిగుతుగా కూర్చుంటుంది. ఇనుప సుమ్మెట పెట్టి కొడితే సైట్ అంచు చితుకుతుంది, పై పూత లేస్తుంది. ఇత్తడి పంచ్ (పెట్టి కొట్టే కడ్డీ), వైస్ (బిగించి పట్టే పనిముట్టు), ఓపిక కావాలి. ఒక్కోసారి వెంట్రుకవాసి జరిపి కాల్చి చూడాలి. ఇంకా ముఖ్యం, ఆయుధాల చట్టం నిర్వచనంలో ఆయుధ భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి, రిపేరుకి కూడా లైసెన్సుండాలి. కాబట్టి లైసెన్సున్న చోటే చేయించుకుని రసీదు తీసుకోండి.

సైట్ మధ్యలో ఉన్నప్పుడు సైట్‌కీ స్లైడ్‌కీ కలిపి సన్నటి గీత ఒకటి గీయించుకోండి. ఎన్నికలప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేస్తాం కదా, తిరిగి తెచ్చుకున్న రోజు ఆ గీత కలిసి ఉందో లేదో ఒక్క చూపు చూస్తే చాలు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి తుప్పు మొదట పట్టేది కూడా ఆ గాడి అంచుల్లోనే. నెలకోసారి నూనె గుడ్డతో తుడవండి.

చివరికి చాలామందికి నేను చేసిపెట్టేది ఖర్చు లేని పని. తూటాలు తీసేసి, రెండుసార్లు చూసుకుని, వెనక సైట్ మెరుస్తుంటే కర్పూరం వెలిగించి ఆ మసి పట్టిస్తాను, కాటుక పెట్టినట్టు నల్లబడుతుంది. ప్లాస్టిక్ భాగాలున్న వాటికి ఇది చేయను. ముందు సైట్‌ని స్పిరిట్‌తో తుడిచి, పైన తెల్ల నెయిల్ పాలిష్ ఒక పూత, అది ఆరాక నారింజ రంగు రెండు పూతలు. తెలుపు అడుగున లేకపోతే నారింజ రంగు ఇనుము మీద చచ్చిపడినట్టుంటుంది. ఒక రోజు ఆరనివ్వాలి. శుభ్రం చేసేటప్పుడు ద్రావకం తగిలితే లేచిపోతుంది, మళ్లీ వేసుకోవడమే.