యుద్ధకాలపు నౌకాదళంలో మహిళలు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో నౌకాదళ చరిత్ర పాఠాలు చెబుతుంటాను. రెండో ప్రపంచ యుద్ధం దగ్గరికొచ్చేసరికి ఏటా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: ఆడవాళ్లు టైపింగుకీ వంటకే పరిమితం.

వాస్తవం: ఆ పనులూ చేశారు, అవీ తక్కువవి కావు. కానీ ‘రెన్స్’ అని పిలిచే బ్రిటిష్ మహిళా నౌకాదళం 1944 నాటికి సుమారు 74 వేల మందికి చేరింది. వాళ్లలో కొందరు యుద్ధపు ఎత్తులే వేశారు.

1942 జనవరిలో లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్‌లో నౌకాదళ కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ జలాంతర్గాముల్ని ఎదుర్కొనే ఎత్తులు నేర్పే విభాగం ఒకటి మొదలుపెట్టాడు. అక్కడ నేలే సముద్రం. గళ్లు గీసిన లినోలియం మీద అమ్మాయిలు వంగి కూర్చుని సుద్దముక్కతో ఓడల దారులు గీసేవారు. కాపలా ఓడలకు తెల్ల సుద్ద, జర్మన్ జలాంతర్గాములకు ఆకుపచ్చ సుద్ద. శిక్షణకొచ్చిన అధికారులు తెరల్లోని కంతల్లోంచి చూడాలి. అక్కణ్నుంచి ఆకుపచ్చ గీత కంటికి ఆనదు, నడిసముద్రంలో శత్రువు ఆననట్టే.

జలాంతర్గామి కాన్వాయ్‌ని, అంటే కాపలాతో గుంపుగా సాగే సరుకు ఓడల్ని, బయటి నుంచే కొడుతుందని అప్పటిదాకా నమ్మకం. రాబర్ట్స్‌తో కలిసి జీన్ లెయిడ్‌లా, జానెట్ ఓకెల్ అనే ఇద్దరు రెన్స్ ఆ దాడుల్ని నేల మీద మళ్లీ ఆడి చూశారు. జలాంతర్గామి వెనక నుంచి ఓడల వరుసల మధ్యకే దూరి, దగ్గర్నుంచి టార్పెడో వదిలి మునిగిపోతోందని తేలింది. దానికి విరుగుడుగా పుట్టిన ఎత్తుకు ‘రాస్ప్‌బెరీ’ అని పేరు పెట్టింది లెయిడ్‌లాయే. యుద్ధం ముగిసేలోగా దాదాపు 5 వేల మంది అధికారులు ఆ గదిలో నేర్చుకున్నారు. సముద్రం మీద రాటుదేలిన కెప్టెన్లకు పడుచు పిల్లలు తప్పు చూపించారంటే, ఆ ధైర్యం నాకు చాలా పెద్దదనిపిస్తుంది.

అపోహ: ఒడ్డున ఉద్యోగం, ప్రాణభయం ఉండదు.

వాస్తవం: 1941 ఆగస్టు 19న జిబ్రాల్టర్ వెళ్తున్న ‘అగ్విలా’ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది. అందులో ఉన్న 21 మంది రెన్స్, ఒక నౌకాదళ నర్సు, 22 మందీ పోయారు. అంతా తామే ముందుకొచ్చి బయల్దేరినవాళ్లు.

అపోహ: మన దగ్గర ఇదంతా 1992లో మొదలైంది.

వాస్తవం: వైద్యేతర శాఖల్లో మహిళా అధికారుల్ని తీసుకోవడం 1992లో మొదలైన మాట నిజమే. అయితే 1944లోనే రాయల్ ఇండియన్ నేవీకి మహిళా విభాగం ఏర్పడింది. అందులో సెకండ్ ఆఫీసర్ కల్యాణీ సేన్ 1945లో బ్రిటన్ వెళ్లారు. భారత సైనిక దళాల నుంచి అలా వెళ్లిన తొలి మహిళ ఆవిడే. జూన్‌లో స్కాట్లాండ్‌లోని రోసైత్ నౌకాస్థావరంలో తీసిన ఫొటో ఉంది. ఆవిడ యూనిఫాం చీరే. క్లాసులో ఆ ఫొటో చూపించగానే వెనక బెంచీల పిల్లలు కూడా లేచి ముందుకొస్తారు.