వీపు కింద చలి

డిసెంబరులో వంజంగి కొండ మీద టెంటు వేసుకుని పడుకున్న ఒక పాఠకుడు అడిగారు: "స్లీపింగ్ బ్యాగు మంచిదే కొన్నానండీ. పైన దుప్పటి కూడా కప్పుకున్నాను. ఛాతీ వెచ్చగానే ఉంది కానీ వీపు మాత్రం తెల్లవార్లూ జిల్లుమంటూనే ఉంది. బ్యాగులో లోపమా?"

బ్యాగు బాగానే ఉంది. నాకు మహా ఇష్టమైన ప్రశ్న ఇది.

స్లీపింగ్ బ్యాగు వేడిని పుట్టించదు. పుట్టించేది మన ఒళ్లే, నిద్రలో సుమారు 75 వాట్లు. బ్యాగులోని బాతు ఈకలైనా పాలిస్టర్ దూదైనా చేసే పని ఒక్కటే: గాలిని కదలకుండా పట్టి ఉంచడం. కదలని గాలి ఉష్ణవాహకత, అంటే వేడిని తన గుండా పోనిచ్చే గుణం, మీటరుకు, డిగ్రీకి 0.025 వాట్లు. తడి నేలది 1 నుంచి 2 దాకా, అంటే కనీసం 40 రెట్లు. ఇప్పుడు వెల్లకిలా పడుకోండి. ఒంటి బరువుకి వీపు కింద దూది అణిగిపోతుంది, గాలి పక్కలకు జారుకుంటుంది. ఇక వీపుకీ కొండకీ మధ్య మిగిలేది రెండు పొరల నైలాను గుడ్డ, అణిగిన కాస్త దూది. అడుగున చిల్లున్న కుండకు మూత ఎంత బిగిస్తే మాత్రం నీళ్లు ఆగుతాయా? పైన ఇంకో దుప్పటి కప్పుకోవడమూ అంతే.

లెక్క వేద్దాం. కింద పరిచే మ్యాట్ వేడిని ఎంత అడ్డుతుందో చెప్పే అంకెను ఆర్-విలువ అంటారు. ఆర్-విలువ 1 అయితే, చదరపు మీటరు మేర ఒక్కో డిగ్రీ తేడాకు 5.7 వాట్లు పోతాయి. వీపు 33 డిగ్రీల దగ్గర నిలవాలి, నేల 8 డిగ్రీలు ఉందనుకుందాం. తేడా 25. నేలకు ఆనే ఒళ్లు సుమారు 0.4 చదరపు మీటర్లు. గుణిస్తే 57 వాట్లు! పుట్టే 75లో 57 మట్టిలోకే పోతే, మిగతా ఒంటికి మిగిలేదెంత? అందుకే వీపు చర్మం చల్లబడుతూ పోతుంది. ఆర్-విలువ 4 ఉంటే ఆ నష్టం 14 వాట్లే. ఇంత తేడాకి మోయాల్సిన బరువు అర కిలో కూడా ఉండదు. మ్యాట్ లేకపోతే పైన కప్పుకునే బొంతను తీసి కింద పరవండి. ఎండు వరిగడ్డి దొరికితే మందంగా వేయండి, దాని గొట్టాల నిండా గాలే.

వెండి రంగు మెరుపు షీటు మాత్రం నేరుగా వీపు కింద వేస్తే దండగ. అది ఆపేది వికిరణాన్ని, అంటే తాకకుండానే ఖాళీ గుండా పోయే వేడిని. వీపుకీ నేలకీ మధ్య ఖాళీయే లేనప్పుడు వేడి పోయేది వహనం ద్వారా, అంటే ఒకదాన్నొకటి తాకడం వల్ల. అదే షీటును గాలి నింపే మ్యాట్ లోపల పొరలుగా పెడితే అద్భుతంగా పనిచేస్తుంది, అక్కడ ఖాళీ ఉంది కాబట్టి.

ఇక పైనుంచి పోయే వేడి. మబ్బులేని రాత్రి ఆకాశం, వికిరణం లెక్కలో, గాలి కన్నా 15-20 డిగ్రీలు చల్లని పైకప్పు లాంటిది. లంబసింగి వైపు గడ్డి మీద మంచు పేరుకునేది ఇలాంటి రాత్రుల్లోనే. చెట్టు కింద పడుకుంటే ఆ చల్లని ఆకాశాన్ని కొమ్మలు అడ్డుకుంటాయి. ఆరుబయట గడ్డి తడిసి ముద్దయినా చెట్టు కింద పొడిగా ఉండటం పొద్దున్నే పొలం వెళ్లేవాళ్లకు తెలిసిందే. కానీ చెట్టు కింద దయ్యం పడుతుందని పెద్దలు, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) చంపేస్తుందని బళ్లో మాస్టార్లు భయపెట్టేశారు. రెండోదాన్ని సైన్సు పేరుతో చెప్పడం నాకు మరీ బాధ. చెట్టు రాత్రిపూట వదిలే ఆ కాస్త వాయువు ఆరుబయట చెదిరిపోతుంది. నిజంగా ప్రాణాలు తీసేది మూసిన టెంటులో పెట్టుకునే బొగ్గుల కుంపటి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు.

టెంటు లోయ అడుగున వేయకండి. చల్లబడి బరువెక్కిన గాలి రాత్రంతా అక్కడికే దిగుతుంది. వాలు మీద కాస్త ఎత్తులో, తలపైన ఎండుకొమ్మలు లేని చెట్టు చూసుకోండి.