ఊహలో రాసిన అక్షరాలు

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చేతులు కదపలేని 65 ఏళ్ల మనిషి ఒకరు, చేతిలో పెన్ను, ఎదుట గీతల కాగితం ఉన్నాయనుకుని రాయడానికి ప్రయత్నించారు. వేళ్లు కదలలేదు. తెరపై మాత్రం నిమిషానికి 90 అక్షరాల చొప్పున వాక్యాలు వచ్చాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, మెదడు సంకేతాలతో కంప్యూటర్‌ను నడిపించే పరిశోధన చేసే బ్రెయిన్‌గేట్ బృందం కలిసి చేసిన ఈ ప్రయోగం 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. దీన్ని చాలామంది ‘మనసును చదవడం’ అన్నారు. అది సరి కాదు. అక్కడ చదివింది మనసును కాదు, చేతికి చేరని ఆజ్ఞను.

ఆ ఆజ్ఞ ఎలా ఉంటుందో చెప్పినవారిలో ముఖ్యుడు అపోస్టొలోస్ జార్గోపులోస్. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం కోతులకు మధ్య నుంచి ఎనిమిది దిక్కులకు చేయి చాపడం నేర్పి, మెదడులో కదలికలను నడిపే భాగంలోని న్యూరాన్లను, అంటే నాడీకణాలను, ఒక్కొక్కటిగా విన్నది. 1982లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక్కో న్యూరాన్‌కు ఒక్కో ఇష్టమైన దిక్కు ఉంది. చేయి అటు వెళ్తే అది జోరుగా స్పందిస్తుంది, పక్కకు జరిగేకొద్దీ జోరు తగ్గుతుంది. కానీ పూర్తిగా నోరు మూసుకోదు. అందుకే ఒక్క న్యూరాన్ మాట నమ్మి దిక్కు చెప్పలేం. రథం పగ్గాలను చాలామంది తలా ఒక వైపు లాగుతున్నట్టు ఊహించుకోండి: ఎవరు ఎంత బలంగా లాగుతున్నారో కొందరి విషయంలో తెలిసినా, రథం ఎటు కదులుతుందో అంచనా కట్టవచ్చు.

అలా కొన్ని న్యూరాన్లను వినడానికి మెదడులో అమర్చే పరికరం యూటా అరే. నాలుగు మిల్లీమీటర్ల చదరపు ముక్కపై వంద సన్నని సూదులు, ఒక్కోటి ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవు. సూది మొన పక్కనున్న న్యూరాన్ స్పందించినప్పుడల్లా సెకనులో వెయ్యో వంతు పాటు చిన్న విద్యుత్ పొంగు కనిపిస్తుంది. కోట్ల న్యూరాన్ల గుంపులో సూదుల పక్కన ఏవి పడితే అవే మనకు దక్కిన సాక్షులు. కంప్యూటర్ ఆ పొంగులను లెక్కబెట్టి, వాటి వెనుక ఏ కదలిక ఉందో ఊహిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు. ఏ లెక్కకు ఏ కదలికో కంప్యూటర్‌కు నేర్పాలంటే రెండూ పక్కపక్కన ఉండాలి, కానీ ఈ మనిషి చేయి కదలదు. అందుకే తెరపై కర్సర్‌ను కదిలిస్తూ ‘దాన్ని మీరే నడుపుతున్నట్టు ప్రయత్నించండి’ అంటారు. అక్షరాల విషయంలో ఇంకా కష్టం. ఒక అక్షరం ఎప్పుడు మొదలైందో, మెల్లగా రాశారో గబగబా రాశారో బయటికి కనిపించదు. కాలాన్ని సాగదీసి, కుదించి, ఒకే అక్షరపు నమూనాలను ఒకదానిపై ఒకటి సర్దారు. అలా సర్దాక లెక్కల్లోంచి పెన్ను మొన నడిచిన దారి బయటపడింది. గాయమై ఏళ్లు గడిచినా మెదడు చేతిరాతను మరచిపోలేదు! ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచింది ఇదే.

తెరపై కీబోర్డు బొమ్మలో కర్సర్‌ను ఒక్కో మీటకు నడిపించడం కంటే ఇది వేగంగా ఎందుకు సాగింది? పక్కపక్క మీటల వైపు వెళ్లే రెండు సరళరేఖలకు న్యూరాన్ల స్పందన దాదాపు ఒకేలా ఉంటుంది. వంపులు తిరిగే అక్షరాల్లో వేగమూ దిక్కూ క్షణక్షణం మారుతాయి కాబట్టి వాటిని విడదీసి గుర్తించడం తేలిక. కష్టమైన కదలికే కంప్యూటర్‌కు సులువైంది.

అయితే ఈ వినికిడి స్థిరం కాదు. సూదులు వెంట్రుకవాసి జరిగినా, చుట్టూ మచ్చకణజాలం పెరిగినా నిన్నటి సాక్షులు నేడు ఉండరు. ప్రయోగం జరిగే రోజు ముందుగా కొన్ని వాక్యాలు రాయించి కంప్యూటర్‌ను మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఆంగ్ల అక్షరాల్లోనూ కొన్ని ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయని పరిశోధకులు గమనించి, న్యూరాన్ల స్పందనలో స్పష్టంగా వేరుపడే కొత్త లిపి ఎలా ఉండవచ్చో లెక్కగట్టి చూశారు. అది చదివినప్పటి నుంచి నా ఆలోచన మన పలక మీదికే పోతోంది. వంపులకు మనకు కొదవ లేదు, కానీ ‘ప’కూ ‘వ’కూ తేడా అల్లా తలకట్టు విడిగా ఉందా, అంటుకుందా అన్నదే.