కప్ప ఉండిపోవాలంటే నీళ్లు ఒక్కటే చాలవు

బెంగళూరులో సొంత ఇల్లో, కాస్త పెరడున్న అద్దె ఇల్లో దొరికిన మనవాళ్లు చాలామంది ఈమధ్య చిన్న పాండ్ కట్టించుకుంటున్నారు, లేదంటే పెద్ద సిమెంట్ తొట్టి తెచ్చి కలువలు వేస్తున్నారు, చూడ్డానికి ఎంత బాగుంటుందో. ఆ తర్వాత ఫోన్ చేసి అడిగే ప్రశ్న మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. మే నెల వానలకి కప్పలొచ్చాయండీ, రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు, మూడో రోజు చూస్తే ఒక్కటీ లేదు, ఎందుకు వెళ్లిపోయాయి అని. ఆడపిల్ల కాన్పుకి పుట్టింటికి వచ్చినట్టు కప్ప నీళ్ల దగ్గరికి వచ్చేది గుడ్లు పెట్టడానికే, ఆ పని కాగానే వెళ్లిపోతుంది, మిగతా ఏడాదంతా మన చుట్టుపక్కల కనిపించే కప్పల్లో చాలావాటి బతుకు నేల మీదే. కాబట్టి కప్పలు మనింట్లో ఉండిపోవాలంటే పాండ్ ఎంత లోతు, ఏ షేపు అని ఆలోచించే ముందు ఆ పాండ్ చుట్టూ పది అడుగుల నేల ఎలా ఉందో చూడాలి, నా ఉద్దేశంలో అసలు సంగతంతా అక్కడే ఉంది.

దీనికి కారణం కప్ప చర్మం. కప్ప మనలా నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పల్చటి చర్మంతో పీల్చుకుంటుంది. ఒళ్లంతా బుడిపెలుండే మామూలు టోడ్ ఉంది కదా, పొద్దున్నే మొక్కలకి నీళ్లు పోశాక కుండీ కింద చూడండి, కాళ్లు పక్కకి చాపి పొట్టని తడిమట్టికి అదిమేసి కదలకుండా కూర్చుని ఉంటుంది, అది పడుకోలేదు, దాహం తీర్చుకుంటోంది. ఆ చర్మంతోనే కొంత ఊపిరి కూడా తీసుకుంటుంది, అదీ తడిగా ఉంటేనే కుదురుతుంది. అంటే కాంపౌండ్ మొత్తం పేవర్ టైల్స్ వేసేసి మధ్యలో అందమైన పాండ్ పెడితే పగలు కప్ప దాక్కోడానికి చోటు లేదు, తాగడానికి తడి నేల లేదు, ఎండకి కాలిన టైల్స్ మీద గంటసేపు ఇరుక్కుంటే ఎండిపోయి చచ్చిపోతుంది కూడా. ఇంకో మాట, నీళ్లు అంత తేలిగ్గా లోపలికి వెళ్లే చర్మంలోంచి నీళ్లలో కలిసినవీ వెళ్తాయి, పురుగుమందు, కలుపుమందు, కారు కడిగిన షాంపూ నురగ, అన్నీ. గులాబీలకి నెలనెలా స్ప్రే కొట్టే గార్డెన్‌లో కప్పల గురించి ఆశపడకపోవడమే మంచిది, రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిందే. కప్పలు ఉంటే పురుగులు వాటంతట అవే కొంత తగ్గుతాయి, నేనైతే స్ప్రే మానెయ్యమనే చెప్తాను.

నేల ఎలా ఉండాలంటే కొంచెం అశ్రద్ధగా ఉండాలి, అంతే. పాండ్‌కి ఒక పక్కన గడ్డి కొయ్యకుండా వదిలెయ్యండి, రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే ఒక మూలకి తొయ్యండి, పగిలిన మట్టికుండీ ఒకటి నీడలో బోర్లించి అంచు కింద రెండు వేళ్లు దూరేంత సందు ఉంచండి, పాత ఇటుకలో, కొబ్బరి దుంగలో ఉంటే వాటిని కూడా కాస్త గుల్లగా పేర్చండి. వేసవిలో ఆ మూలకి రోజూ ఒక మగ్గు నీళ్లు చల్లితే చాలు. కొన్ని కప్పలైతే ఏకంగా మట్టిలోకే దిగిపోతాయి, వాటి వెనక కాళ్ల మీద చిన్న పార లాంటి గట్టి బుడిపె ఉంటుంది, దాంతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ కూరుకుపోయి నెలల తరబడి లోపలే ఉండి, మొదటి గట్టి వానకి బయటికొస్తాయి. 2020లో సైంటిస్టులు అలాంటి తవ్వే కప్పనే ఒకదాన్ని కొత్త జాతిగా ప్రకటించారు, దాని పేరే స్ఫేరోథెకా బెంగళూరు, దొరికింది ఏ పశ్చిమ కనుమల అడవిలోనో కాదు, ఈ ఊరి శివార్లలో బీడు భూమిలో. లేఅవుట్ల కోసం జేసీబీలు చదును చేస్తున్న నేల అది. ఖాళీ సైట్ అని మనం తేలిగ్గా అనేసే చోట లోపల ఏం పడుకుని ఉందో మనకి తెలీదు, నాకు ఆ విషయం చదివినప్పటి నుంచి ఖాళీ సైట్‌ని చూసే చూపే మారిపోయింది.

ఇక పాండ్ సంగతి. లోతు ఒక చోట అడుగున్నర, రెండడుగులు ఉంటే ఎండాకాలంలో నీళ్లు మరీ వేడెక్కవు, కానీ ఇంకో వైపు తప్పకుండా ఏటవాలుగా వచ్చి రెండు అంగుళాల లోతుతో అంతమవ్వాలి. టోడ్‌లు దూకడంలో అంతంతమాత్రం, నున్నటి నిలువు గోడలున్న తొట్టిలో పడితే ఈది ఈది అలిసిపోయి మునిగిపోతాయి, కప్ప నీళ్లలో మునగడమేంటి అనుకుంటాం గానీ నిజంగానే మునుగుతుంది. తొట్టి అయితే లోపల రాళ్లు మెట్లలా పేర్చి పైదాకా తేవాలి, బయట వైపు కూడా ఎక్కడానికి రాళ్లుండాలి. సంప్ మూత, డ్రైనేజీ ఛాంబర్ సందులు, రెయిన్‌వాటర్ పిట్, ఇవన్నీ కప్పలకి గోతులే, వీటికి సన్న మెష్ కొట్టించండి, కుదరకపోతే ఒక కొబ్బరితాడు లోపలికి వేలాడదీసినా పట్టుకుని పైకొస్తాయి. గేటు కింద, కాంపౌండ్ గోడ కింద మూడు అంగుళాల సందు కూడా ఉండాలి, లేకపోతే అసలు అవి లోపలికి ఎలా వస్తాయి.

నీళ్లు వాన నీళ్లయితే అంతకు మించింది లేదు, టెర్రస్ మీంచి వచ్చే పైపుని కాస్త అటు తిప్పితే సరిపోతుంది. కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు పోస్తే అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్లలో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచి పొయ్యండి. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పులన్నీ అందులోనే పోగై ఉంటాయి. మొక్కల్లో కలువ, వస, తుంగ, నీళ్ల లోపల హైడ్రిల్లా చాలు, గుర్రపుడెక్క తెచ్చారో మూడు నెలల్లో పాండ్ కనపడదు, ఈ ఊరి చెరువుల్లో చూస్తూనే ఉన్నాం కదా. నీళ్లు సగం నీడ, సగం ఎండలో ఉంటే నాచు పడుతుంది, ఆ నాచు గీకి పారెయ్యకండి, తోకకప్పలకి, అంటే ఇంకా కాళ్లు రాని కప్ప పిల్లలకి, అదే తిండి.

చేపల విషయంలో నేను గట్టిగా చెప్తాను, కప్పలు కావాలంటే చేపలు వద్దు. గోల్డ్‌ఫిష్, కోయి, గప్పీ ఏదైనా సరే గుడ్లనీ, అప్పుడే పుట్టిన తోకకప్పల్నీ తినేస్తాయి. టోడ్ గుడ్లు, పిల్లలు మాత్రం రుచికి చేదు, కొంత విషం కూడా ఉంటుంది కాబట్టి చేపలున్న పాండ్‌లో చివరికి అవే మిగుల్తాయి. దోమల కోసమని గాంబూసియా చేపని వేస్తుంటారు, దాన్ని 1928లోనే మన దేశానికి తెచ్చారు, దోమ పిల్లల్ని తింటుంది నిజమే, దాంతోపాటు దొరికిందల్లా తింటుంది, ప్రపంచంలో ఎక్కువ చేటు చేస్తున్న 100 పరాయి జాతుల లిస్టులో దానికీ చోటిచ్చారు. మరి డెంగీ సంగతేంటి అంటారు, అది న్యాయమైన భయమే, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు అడగకుండా ఎలా ఉంటారు. తోకకప్పలు దోమ పిల్లలన్నిటినీ తినేస్తాయని కొందరు రాస్తుంటారు గానీ అది అన్నిటికీ వర్తించదు, చాలా జాతుల తోకకప్పలు నాచు గీక్కుని తినేవే, బోదురు కప్ప పిల్లలు మాత్రం వేటాడతాయి, దోమ పిల్లల్నే కాదు తోటి తోకకప్పల్ని కూడా. పాండ్‌లో దోమల్ని అదుపులో పెట్టేది ఎక్కువగా తూనీగ పిల్లలు, నీటి పురుగులు, అవి చేపల్లేని పాండ్‌లో కొన్ని వారాల్లో వాటంతట అవే చేరతాయి. అప్పటిదాకా భయమైతే బీటీఐ అని ఒక బాక్టీరియా మందు ఉంది, 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికింది, దోమ పిల్లల్లోనూ, వాటికి దగ్గరి చుట్టాలైన కొన్ని చిన్న ఈగల పిల్లల్లోనూ పేగుల మీద పనిచేస్తుంది, మామూలు మోతాదులో తోకకప్పలకి పెద్దగా ఏమీ కాదంటారు. డెంగీ దోమ ఇష్టపడేది ఎలాగూ చిన్న చిన్న పాత్రల్లో నిలిచే నీళ్లని, కాబట్టి కుండీల కింద ప్లేట్లు, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైర్లు, వీటిని వారానికోసారి వంపేసి లోపలి గోడలు తోమాలి, ఎందుకంటే గుడ్డు నుంచి ఎగిరే దోమ అవ్వడానికి వారం, పది రోజులు చాలు, పైగా ఆ గుడ్లు ఎండినా నెలల తరబడి చావవు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కప్ప గురించి. బాత్రూమ్ వెంటిలేటర్‌లో, మీటర్ బాక్స్ వెనకాల గోడకి అతుక్కుని గోధుమరంగులో ఒక చెట్టు కప్ప ఉంటుంది చూడండి, వేళ్ల చివర గుండ్రటి బొత్తాలుంటాయి, రాత్రి చెక్క మీద కొట్టినట్టు టక్ టక్ టక్ అంటుంది. అది నీళ్లలో గుడ్లు పెట్టదు. వానాకాలం రాత్రి నీళ్ల మీదకి వంగిన ఆకు మీదో, తొట్టి లోపలి గోడ మీదో ఆడ కప్ప కూర్చుని, వీపు మీద మగ కప్పని మోస్తూనే, ఒక ద్రవం వదిలి వెనక కాళ్లతో దాన్ని గిలక్కొడుతుంది, ఒక కాలు తర్వాత ఒక కాలు, చాలా నెమ్మదిగా, అలసట లేకుండా. కాసేపటికి పిడికిలంత తెల్లటి నురగ ముద్ద తయారవుతుంది, గుడ్లు దాని లోపల. తెల్లారేసరికి పై పొర ఎండి పెళుసుగా మారి లోపలి తడిని కాపాడుతుంది, వేలితో ముట్టుకోవాలనిపిస్తుంది, ముట్టుకోకండి. కొన్ని రోజులకి నురగ అడుగు కరిగి తోకకప్పలు ఒక్కొక్కటే టప్ టప్ మని నీళ్లలోకి రాలతాయి. కింద నీళ్లు లేకపోతే అంతా వృథా, అందుకే నురగ ముద్ద కనపడితే ఎవరో ఉమ్మేశారనుకుని కడిగెయ్యొద్దని పనిమనిషికి, తోటమాలికి ముందే చెప్పి ఉంచండి, పాండ్ మీదకి వంగే కొమ్మల్ని ట్రిమ్ చెయ్యొద్దనీ చెప్పండి.

వానలు మొదలైన సాయంత్రం పోర్టికో లైట్ చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి, కింద టోడ్‌లు చేరతాయి, అప్పుడు ఒక స్టూల్ వేసుకుని కూర్చుని ఒకదాని మొహమే చూస్తూ ఉండండి. నాలుక ఎంత వేగంగా వస్తుందంటే మన కంటికి కనపడదు, ఉసిలి మాయమైందని మాత్రమే తెలుస్తుంది. ఆ తర్వాత మింగేటప్పుడు రెండు కళ్లూ మూసుకుని లోపలికి దిగిపోతాయి, ఏదో భక్తిగా కళ్లు మూసుకుందేమో అనిపిస్తుంది గానీ ఆ కనుగుడ్లు నోటి పైభాగం నుంచి కిందికి నొక్కి తిండిని గొంతులోకి తోస్తున్నాయి. ఈ ఒక్క పూట కోసం లైట్ వేసుకోండి, తప్పులేదు, కానీ రాత్రంతా పాండ్ మీదకే ఫ్లడ్‌లైట్ పెట్టొద్దు, వెలుతురు ఎక్కువైతే కొన్ని జాతుల్లో మగ కప్పలు పిలవడం తగ్గించేస్తాయి, పిలుపు లేకపోతే ఆడ కప్పలు రావు. టోడ్‌ని పట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది అబద్ధం, అవి మనిషి వైరస్ వల్ల వచ్చేవి. కాకపోతే దాని కళ్ల వెనకుండే గ్రంథుల్లో విషం ఉంటుంది, కుక్క నోట కరిస్తే నురగలు కక్కుతుంది, వెంటనే నోరు కడిగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

కప్పలు రావట్లేదని చెరువు దగ్గర్నుంచో, ఊర్నుంచో డబ్బాలో పట్టి తెచ్చే ఆలోచన మాత్రం మానుకోండి. పెద్ద కప్ప తన చోటు వెతుక్కుంటూ బయటికెళ్లి రోడ్డు మీద టైర్ల కింద పడుతుంది. అంతకంటే ప్రమాదం రోగం, కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ ఫంగస్ నీళ్లతో, తడి చర్మంతో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుంది, 2019లో వచ్చిన ఒక లెక్క ప్రకారం ప్రపంచంలో 501 జాతులు దాని వల్ల తగ్గిపోయాయి, అందులో 90 జాతులు పూర్తిగా పోయినట్టే. కొన్ని కప్పల విషయంలో మన దేశంలో వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకోదు, ఒకప్పుడు కప్ప కాళ్లు కోసి విదేశాలకి పంపేవాళ్లం, బోదురు కప్పల సంఖ్య దారుణంగా పడిపోతోందని 1987లో ఆ ఎగుమతి ఆపేశారు. యూట్యూబ్‌లో బ్రిటన్ వాళ్ల పాండ్‌లు చూసి న్యూట్‌లు కూడా కావాలని అడిగేవాళ్లున్నారు, నాలుగు కాళ్లూ పొడుగు తోకా ఉండి ఒక్కొక్క గుడ్డునీ నీటి మొక్క ఆకులో మడిచి పెట్టే ఆ జీవులు చల్లటి దేశాలవి, మన దేశంలో వాటి చుట్టాలు డార్జిలింగ్, సిక్కిం, ఈశాన్య కొండల్లో తప్ప ఇంకెక్కడా లేవు. అలాంటివి ఎవరైనా అమ్మినా కొని ఇక్కడి నీళ్లలో వదలకండి, వాటికీ చావే, మన కప్పలకీ ముప్పే.

పాములొస్తాయా అంటే, వస్తాయి, అది దాచిపెట్టడం నాకిష్టం లేదు. ఎక్కువగా వచ్చేది నీరుకట్టె, విషం లేనిది. కానీ టోడ్‌ల కోసం నాగుపాము కూడా రావచ్చు కాబట్టి ఇటుకల గుట్ట గుమ్మానికి దూరంగా, గోడవైపు పెట్టండి, దానిలో చెయ్యి పెట్టొద్దు, రాత్రి టార్చ్ లేకుండా అటు వెళ్లొద్దు.

పాండ్ శుభ్రం చేసే టైమ్ ఫిబ్రవరి, మార్చి. అప్పుడు కూడా మొత్తం ఒక్కసారే తోడెయ్యకుండా సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు చెయ్యండి, తీసిన బురద, మొక్కలు ఒక రాత్రి గట్టు మీదే ఉంచితే లోపలి పురుగులు మళ్లీ నీళ్లలోకి జారుకుంటాయి. వేసవిలో నీళ్లు తగ్గి పూర్తిగా ఎండినా కంగారుపడకండి, కొన్ని కప్పలకి అలా ఎండి నిండే గుంటలే ఇష్టం, వాటిలో చేపలు బతకవు కదా. జూన్ నుంచి అక్టోబర్ దాకా మాత్రం చెయ్యి పెట్టకండి. ఆ నెలల్లోనే, జాతిని బట్టి, ఎండని బట్టి మూడు నాలుగు వారాల నుంచి రెండు నెలల్లోపు, తోకకప్పలకి వెనక కాళ్లు, ఆ తర్వాత ముందు కాళ్లు వచ్చి, తోక లోపలికి కరిగిపోయి, వేలిగోరంత కప్పలు వాన పడ్డ సాయంత్రం గుంపుగా గట్టెక్కుతాయి, కాబట్టి ఆ వారం లాన్ మూవర్ బయటికి తియ్యకుండా తోటమాలికి సెలవిచ్చెయ్యండి.