సముద్రపు చేపకు మంచినీళ్లు కొత్త కాదు

సముద్రపు చేప పట్టుమని పన్నెండేళ్లలో చెరువు చేపగా మారిపోయిందన్న మాట కొన్నాళ్లకోసారి మళ్లీ పైకి వస్తుంటుంది. వచ్చిన ప్రతిసారీ రెండు పక్షాలు బరిలోకి దిగుతాయి. పరిణామం కళ్లముందే జరిగింది, ఇంకేం రుజువు కావాలని ఒక పక్షం. పన్నెండేళ్లలో కొత్త జన్యువులు పుట్టవు కాబట్టి ఇది పరిణామమే కాదు, ఉన్నవాటిలో తగినవి మిగిలి తగనివి పోయే ఏరివేత మాత్రమేనని రెండో పక్షం. ఇప్పుడు మళ్లీ అదే గొడవ. విచిత్రమేమంటే ఇద్దరూ చూపించే చేప ఒక్కటే, స్టికిల్‌బ్యాక్. వేలెడంత ఉంటుంది, వీపు మీద మూడు ముళ్లు.

ఉప్పు సంగతి బడి పుస్తకాల్లో ఉన్నదే కాబట్టి సాగదీయను. సముద్రంలో చేప ఒంట్లోని నీరు బయటికి పోతుంటుంది. అందుకని అది సముద్రపు నీరు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి నెడుతుంది. మంచినీటిలో అంతా తలకిందులు. నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. పల్చటి మూత్రం ఎక్కువగా పోస్తూ, ఉప్పును మొప్పలతో లోపలికి లాక్కోవాలి. అసలు అడ్డంకి ఇదేనని చాలామంది అనుకుంటారు. స్టికిల్‌బ్యాక్ విషయంలో అది అంత నిజం కాదు. సముద్రంలో పెరిగే ఈ చేపల్లో చాలా వరకు గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎక్కివస్తాయి. అటూ ఇటూ మారే విద్య వాటికి ముందే వచ్చు. తిరిగి సముద్రానికి పోకుండా తరతరాలు అక్కడే ఉండిపోవడమే కష్టమైన పని.

అలా ఉండిపోయిన చేపలు అలాస్కాలోని లోబర్గ్ సరస్సులో దొరికాయి. గాలం వేసేవాళ్ల సరదా కోసం వేరే చేపల్ని పెంచాలని 1982లో ఆ సరస్సులో రోటెనోన్ విషం కలిపారు. అంతకుముందు అక్కడున్న స్టికిల్‌బ్యాక్‌లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు సముద్రం నుంచి కొత్తవి ఎక్కివచ్చాయి. 1990లో మైఖేల్ బెల్ అనే జీవశాస్త్రజ్ఞుడు అక్కడి చేపల్ని పట్టి చూస్తే, సరస్సు చేపలకు ఉండకూడని కవచం కనిపించింది. సముద్రపు స్టికిల్‌బ్యాక్‌కు తల దగ్గర్నుంచి తోక దాకా రెండు పక్కలా ఎముక పలకలుంటాయి. పాత సరస్సుల్లోని వాటికి సాధారణంగా ముందు భాగంలో కొద్ది పలకలు మిగులుతాయి, అంతే. బెల్ అప్పటినుంచి లెక్క తీస్తూ వచ్చాడు. 1990లో నూటికి 96 చేపలకు పూర్తి కవచం ఉంది. 2001 నాటికి అలాంటివి 11 శాతం. తక్కువ పలకలవి 75 శాతానికి చేరాయి.

వాదన సాధారణంగా ఈ అంకెల దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడే ఆగితే రెండో పక్షం ప్రశ్నకు జవాబుండదు. నిజమే, ఒకే సరస్సులో, అంత కొద్ది తరాల్లో, కావలసిన మార్పు కావలసిన జన్యువులోనే కొత్తగా పుట్టి అంతటా పాకిందంటే నమ్మడం కష్టం.

ఆ ప్రశ్నకు జవాబు 2005లో వచ్చింది. నా దృష్టిలో ఈ మొత్తం కథకు మలుపు అదే. స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ కింగ్‌స్లీ బృందం పలకల సంఖ్యను ప్రధానంగా శాసించే జన్యువు ఈడీఏ అని తేల్చింది. (ఇదే జన్యువు మనుషుల్లో దెబ్బతింటే జుట్టు, పళ్లు, చెమట గ్రంథులు సరిగా ఏర్పడవు.) అంతకన్నా పెద్ద సంగతి కూడా అదే అధ్యయనంలో తెలిసింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని దూరదూరపు సరస్సుల చేపల్లో ఈ జన్యువును పోల్చి చూస్తే, తక్కువ పలకలిచ్చే రూపం దాదాపు అన్నిచోట్లా ఒకే మూలం నుంచి వచ్చినదిగా తేలింది. జపాన్‌లోని ఒక్క గుంపు మాత్రం తేడాగా కనిపించింది. ఆ రూపం వయసు ఇరవై లక్షల ఏళ్ల పైమాటే. అది ఈ సరస్సుల వయసు కాదు. ఇవి మంచుయుగం ముగిసి హిమానీనదాలు కరిగాక, గత పది పన్నెండు వేల ఏళ్లలో ఏర్పడినవి.

మరి ఇన్నాళ్లూ ఆ రూపం ఎక్కడుంది? సముద్రంలోనే. నిండు కవచంతో తిరిగే చేపల్లో ఏ కొద్దిపాటి వాటికో, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటిగా వచ్చే రెండు ప్రతుల్లో ఒకటి ఈ తక్కువ పలకల రూపం. పక్కన రెండో ప్రతి ఉండడంతో దాని ప్రభావం పెద్దగా బయటపడదు. సరస్సు చేపలు వాగు మొగల దగ్గర సముద్రపు చేపలతో కలిసినప్పుడల్లా మంచినీటి జన్యువులు చిల్లర చిల్లరగా సముద్రంలోకి చేరతాయి. కొత్త సరస్సు దొరికినప్పుడు ఆ చిల్లరంతా మళ్లీ ఒకచోట పోగవుతుంది. డాల్ఫ్ ష్లూటర్, జినా కాంటె అనే జీవశాస్త్రజ్ఞులు 2009లో ఈ ఊహను రవాణా సిద్ధాంతంగా వివరించారు. అంటే లోబర్గ్‌లోకి ఎక్కిన చేపలు చేతులు ఊపుకుంటూ రాలేదు. ఎన్నో పాత సరస్సుల సరుకు ముందే మోసుకొచ్చాయి.

1964 మార్చి 27న అలాస్కాను 9.2 తీవ్రతతో కుదిపిన భూకంపం కూడా ఇదే వైపు చూపిస్తుంది. సముద్రపు అడుగు పైకి లేచి, మిడిల్‌టన్ వంటి దీవుల్లో కొత్త మంచినీటి కుంటలు పుట్టాయి. యాభై ఏళ్లు తిరక్కుండానే వాటిలోని స్టికిల్‌బ్యాక్‌లు సరస్సు చేపల పోలికలు తెచ్చుకున్నాయి.

అయితే అంతా సాఫీగా నడిచిందనుకోకూడదు. 2008లో ష్లూటర్ బృందం రెండు రూపాలూ ఉన్న సముద్రపు చేపల్ని ఏరి నాలుగు మంచినీటి కుంటల్లో వదిలింది. తక్కువ పలకల రూపం నేరుగా పెరుగుతూ పోలేదు. పిల్ల చేపల దశలో అది తగ్గింది, పలకలు ఏర్పడే వయసు వచ్చాక పుంజుకుంది. ఆ జన్యువో, దాన్ని ఆనుకుని ఉన్నదో పలకలతో పాటు మరేదో కూడా చేస్తోందన్నమాట.

పాత సరుకుతోనే అంతా జరిగిందనడమూ తప్పే. కొన్ని సరస్సుల్లో చేపలు పొట్ట కిందుండే కటి ముళ్లను పూర్తిగా పోగొట్టుకున్నాయి. దానికి కారణం పిట్‌ఎక్స్1 జన్యువు పక్కనుండి, దాన్ని పనిచేయించే ఒక స్విచ్ లాంటి డీఎన్‌ఏ ముక్క తెగిపోవడమని 2010లో తేలింది. ఆ కోత ఒక్కో సరస్సులో ఒక్కో తీరుగా ఉంది. అంటే వేటికవే విడిగా తెగాయి. డీఎన్‌ఏలో ఆ భాగమే ఇట్టే తెగే రకమని 2019లో బయటపడింది. కొత్త మార్పులే ముఖ్యమనేవాళ్ల చేతిలో ఉన్న గట్టి ఉదాహరణ ఇదే. గట్టిదే కానీ, లోబర్గ్ వేగానికి సమాధానం ఇందులో లేదు.

ఇక ఏరివేత మాత్రమే అన్న మాటకు వద్దాం. ఒక జాతి గుంపులో జన్యు రూపాల పాళ్లు తరతరాలకూ మారడాన్నే పరిణామం అంటారు. 96 నుంచి 11కు పడిపోవడం అదే. సరుకు పాతదైనంత మాత్రాన పరిణామం జరగలేదని కాదు. పైగా సరుకు పాతదైతే ఫలితాన్ని ముందే చెప్పడానికి వీలుంటుంది. 2009లో చీనీ, 2011లో స్కౌట్ సరస్సుల్లోకి బెల్ సముద్రపు చేపల్ని వదిలాడు. లోబర్గ్‌తో కలిపి ఈ మూడింటి డీఎన్‌ఏను పోల్చిన 2021 నాటి అధ్యయనంలో, పాత సరస్సుల్లో కనిపించే జన్యు భాగాలే ఇక్కడా కొద్ది తరాల్లోనే పుంజుకున్నట్టు కనిపించింది.

సరుకు లేకపోతే ఏమవుతుందో జపాన్ సముద్రపు స్టికిల్‌బ్యాక్‌ను చూస్తే తెలుస్తుంది. మెదడుకు, కళ్లకు అవసరమైన డీహెచ్ఏ కొవ్వు సముద్రపు తిండిలో దండిగా దొరుకుతుంది, మంచినీటి తిండిలో తక్కువ. దాన్ని ఒంట్లోనే తయారుచేసుకోవడానికి ఫ్యాడ్స్2 జన్యువు కావాలి. పసిఫిక్ వైపు చేపల్లో దీని ప్రతులు ఎక్కువ, జపాన్ సముద్రపు చేపల్లో తక్కువ. అసానో ఇషికావా, జున్ కిటానో బృందం 2019లో ఈ సంగతి బయటపెట్టింది. డీహెచ్ఏ లేని మేత పెడితే ఆ తక్కువ ప్రతుల చేపలు ఎక్కువగా చచ్చిపోయాయి. ఫ్యాడ్స్2 పనిని పెంచితే బతికేవాటి సంఖ్య పెరిగింది. పసిఫిక్ చేపలు జపాన్ సరస్సుల్లో, నదుల్లో ఎన్నోచోట్ల స్థిరపడ్డాయి. పక్క సముద్రంలోని ఈ చేప మాత్రం ఉప్పు నీటికీ మంచినీటికీ మధ్య మారే విద్య తెలిసి కూడా మంచినీటిలో కాపురం పెట్టలేకపోయింది.