వేడి ఎక్కడ ఆగిపోతోంది?

చెన్నైలో మౌంట్ రోడ్డు దాటి రిచీ స్ట్రీట్ సందుల్లోకి దిగితే కంప్యూటర్ విడిభాగాలకు కొదవ లేదు. పాత క్యాబినెట్, పాత కూలర్ ఇంట్లో ఎలాగూ ఉన్నాయి కదా అని కొత్త ప్రాసెసర్, దానికి తగిన మదర్‌బోర్డు, ర్యామ్ మాత్రం కొనుక్కుని ఇంటికొచ్చి బిగించుకునేవారు చాలామంది. కంప్యూటర్ చక్కగా ఆన్ అవుతుంది, వేగం పెరుగుతుంది. ఏదో ఒక రోజు ఉష్ణోగ్రతలు చూపే ప్రోగ్రామ్ తెరిస్తే 95 డిగ్రీల సెల్సియస్ అని ఎర్ర అంకెల్లో కనిపిస్తుంది. ఇక మనశ్శాంతి ఉండదు. మర్నాడు ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే ఖరీదైన థర్మల్ పేస్టు కొంటారు. అది పూసినా తగ్గకపోతే ఇంకో ఫ్యాను, అదీ చాలకపోతే నీటితో చల్లబరిచే కూలర్. జబ్బు ఏమిటో తేలకముందే మందులు మారుతుంటాయి.

ఆ 95 అనే అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 వరుసలోని ఎక్స్ రకం ప్రాసెసర్లు బరువైన పనిలో 95 డిగ్రీల దాకా వెళ్ళేట్టుగానే తయారయ్యాయి. కూలర్ ఎంత మంచిదైతే అంత ఎక్కువ వేగం తీసి, మళ్ళీ అదే హద్దు దగ్గరికి చేరతాయి. ఇంటెల్ కోర్ ఐ9-13900కె హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 7 7800ఎక్స్3డీకి మాత్రం 89 మాత్రమే. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ అయితే ఫ్యాన్ల నియంత్రణ కోసం అసలు ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపి మరీ చూపేవి. నాలుగు చిప్పులకు నాలుగు లెక్కలు ఉన్నప్పుడు ఒకే అంకెకు భయపడడంలో అర్థం లేదు. ఆ అంకెకు చేరడానికి ఎంత సేపు పట్టింది, అప్పుడు ప్రాసెసర్ ఎన్ని వాట్లు తీసుకుంటోంది అన్న రెండు సంగతులు తెలిస్తే, తప్పు ఏ మూల ఉందో చాలావరకు క్యాబినెట్ తెరవకుండానే చెప్పవచ్చు.

ఎలాగో చూద్దాం. రైజెన్ 7700ఎక్స్‌లో లెక్కలు చేసే సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. పూర్తి పనిలో దాని నుంచి 100 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మన ఇంటి ఇస్త్రీ పెట్టె 1000 వాట్లదే అయినా ఆ వేడి పెద్ద రేకు మీద పరుచుకుంటుంది కాబట్టి, చదరపు సెంటీమీటరుకు లెక్క వేస్తే అయిదారు వాట్లు. చిప్పు దగ్గర అదే లెక్క 140 దాటుతుంది. పైగా ఆ ముక్క బరువు గ్రాములో పదో వంతుకు అటూ ఇటూ. వేడిని తీసుకుపోయే దారి లేకపోతే సెకనుకు వెయ్యి డిగ్రీలకు పైగా పెరగాల్సిన వస్తువు అది. నిజంగా అలా జరగదు, ముందే తనంతట తాను ఆగిపోతుంది. కానీ ఎంత తొందరగా స్పందిస్తుందో ఆ లెక్క చెబుతోంది.

దాని పైన కూర్చున్న హీట్‌సింక్, అంటే కూలర్‌లో వేడిని గాలికి అందించే లోహపు దిమ్మ, తీరు పూర్తిగా వేరు. ముప్పావు కిలో అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 675 జౌళ్ళు కావాలి. 150 వాట్లు అంటే సెకనుకు 150 జౌళ్ళు. గాలి ఏమాత్రం చల్లబరచకపోయినా అది ఒక డిగ్రీ పెరగడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. నీటి కూలర్‌లోని నీళ్ళు ఒక స్థిరమైన వేడికి చేరడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పట్టవచ్చు. గది గాలి వేడెక్కడానికి గంటలు.

అందువల్ల 40 డిగ్రీల నుంచి సెకను రెండు సెకన్లలో 90కి ఎగిరితే ఆ పెరుగుదలకు హీట్‌సింక్ కారణం కాలేదు. దానికి అంత వేగంగా వేడెక్కడం చేతకాదు. అడ్డు చిప్పుకూ హీట్‌సింక్ అడుగుకూ మధ్యనే ఉంది. పది నిమిషాల్లో మెల్లగా ఎక్కితే చూడవలసింది గాలి దారిని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇప్పటి చిన్న చిప్పుల్లో కొంత గెంతు సహజం. అన్నీ సరిగ్గా ఉన్నా పని మొదలవగానే 30 డిగ్రీలు ఎగరడం వింత కాదు. అందుకే వాట్లు కూడా చూడాలి. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలో నుంచి గది ఉష్ణోగ్రత తీసేసి, మిగిలినదాన్ని వాట్లతో భాగించండి. పెద్ద కూలర్ సరిగ్గా కూర్చుంటే వాటుకు పావు డిగ్రీ నుంచి అర డిగ్రీ దగ్గర వస్తుంది. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న కూలర్‌కు ఇంకా ఎక్కువే. పెద్ద కూలర్ ఉండి కూడా 65 వాట్ల దగ్గరే 95 డిగ్రీలకు చేరి, లెక్క ఒకటికి వచ్చిందంటే చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య అతుకులో లోపం ఉన్నట్టే.

నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష మాత్రం పని ఆపినప్పుడు చేసేది. వేలచ్చేరిలో ఉంటున్న మా మేనల్లుడు ఈ మధ్య ఫోను చేశాడు.

“మామయ్యా, పేస్టు మార్చినా 92 దగ్గరే ఉంటోంది.”

“పని ఆపగానే ఎంతకు దిగింది?”

“అది చూడలేదు.”

“చూసి చెప్పు, హీట్‌సింక్ కూడా ఒకసారి ముట్టుకో.”

కాసేపటికి మళ్ళీ చేశాడు. “రెండు సెకన్లలో 48కి పడిపోయింది. హీట్‌సింక్ గోరువెచ్చగా ఉంది, అంతే.”

భారం తీసేయగానే చిప్పు దాదాపు హీట్‌సింక్ ఉష్ణోగ్రత దగ్గరికి పడిపోతుంది. 48కి పడిందంటే హీట్‌సింక్ చల్లగానే ఉంది, వేడి దాని దాకా రావడం లేదు. అదే 75కి పడి, అక్కడి నుంచి నిదానంగా దిగి ఉంటే, వేడి హీట్‌సింక్‌లోకి చేరింది గానీ గాలిలోకి పోవడం లేదని అర్థం. రెండు వేర్వేరు జబ్బులకు తెర మీద కనిపించే అంకె మాత్రం 92 ఒక్కటే.

అతని విషయంలో తప్పు బిగింపులో దొరికింది. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1200 సాకెట్‌కు కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700కు 78. కొన్ని మదర్‌బోర్డులు పాత కూలర్ల కోసం రెండు రకాల రంధ్రాలూ ఇస్తాయి. అతనిది అలాంటి బోర్డే, పాత కూలర్ అందులో బాగానే కూర్చుంది. అయితే కొత్త ప్రాసెసర్ సాకెట్‌లో పాతదానికన్నా కాస్త దిగువన ఉంటుంది. ఆ కాస్త తేడాకే స్ప్రింగుల ఒత్తిడి తగ్గిపోయింది. కూలర్ తయారీదారు కొత్త సాకెట్ కోసం ఇచ్చే బ్రాకెట్ తెచ్చి మార్చాక సమస్య పోయింది.

పేస్టు గురించి జరిగే వాదనలు నాకు విసుగు. చుక్క పెట్టాలా, గీత గీయాలా, గుణకారం గుర్తు వేయాలా అని పెద్ద చర్చ. రాగి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు 400 వాట్ల దగ్గర ఉంటుంది, గాలిది 0.026, మామూలు పేస్టులది నాలుగు నుంచి పన్నెండు. అంటే రాగితో పోలిస్తే పేస్టు చాలా హీనం, గాలితో పోలిస్తే వందల రెట్లు మేలు. లోహాల మధ్య సన్నని పగుళ్ళలో గాలిని వెళ్ళగొట్టడం వరకే దాని పని. నాలుగు స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా, చివరిదాకా బిగిస్తే ఆ ఒత్తిడికి పేస్టు తనే పరుచుకుంటుంది. అన్నట్టు, కొత్త కూలర్ అడుగున అంటించి ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించినవారి సంఖ్య మనం అనుకునేదానికన్నా పెద్దదే అయి ఉంటుంది.

నెమ్మదిగా ఎక్కే రకానికి మొదటి పరీక్ష క్యాబినెట్ పక్క తలుపు తీసి, అదే పని మళ్ళీ నడపడం. పది డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్‌ది తప్పు కాదు, లోపల గాలి ఆడడం లేదు. ముందువైపు అద్దం పలక మూసేసిన అందమైన క్యాబినెట్లలో ఇది మామూలు. ప్రాసెసర్‌తో పాటు గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చినవారు దాన్ని ముందు అనుమానించాలి. ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డు ఒక్కటే 450 వాట్ల దాకా తీసుకుని, దాదాపు అంతా వేడిగా ఆ పెట్టెలోకే వదులుతుంది. నీటి కూలర్‌లో పంపు తిరగకపోతే లక్షణం ఈ రెండిటికీ నడుమ ఉంటుంది, అర నిమిషంలోనో నిమిషంలోనో హద్దు తాకుతుంది. పంపు తీగను మదర్‌బోర్డు మీద దాని చోట గుచ్చారో లేదో చూస్తే తేలిపోతుంది.

ఇక ఊరు. సమీక్షకులు కూలర్లను ఎక్కువగా 20–25 డిగ్రీల గదుల్లో పరీక్షిస్తారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని చెన్నై గది 35 డిగ్రీల్లో ఉంటే, వారు చెప్పిన అంకెకు పది పన్నెండు డిగ్రీలు కలుపుకోవాల్సిందే. నుంగంబాక్కంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైన ఊరు ఇది. ఉక్కపోత మనల్ని పీడిస్తుంది గానీ హీట్‌సింక్‌కు లెక్క లేదు, దానికి చెమట పట్టదు కదా. అందుకే ఎంత ఫ్యాను పెట్టినా దాన్ని గది కన్నా చల్లగా చేయలేం. బెంగళూరు తొమ్మిది వందల మీటర్లకు పైన ఉండడంతో అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టం కన్నా పదో వంతు వరకు తక్కువ. అదే ఫ్యాను అక్కడ కొంచెం తక్కువ వేడినే మోస్తుంది. అయినా గది చల్లదనం వల్ల చివరికి లాభం బెంగళూరు వారిదే.

గాలి, అతుకు రెండూ బాగున్నా వాట్ల అంకె మరీ పెద్దదిగా ఉంటే బయాస్, అంటే మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే ప్రోగ్రామ్, తెరవాలి. 13900కె గరిష్ఠ శక్తి 253 వాట్లని ఇంటెల్ రాసింది. చాలా బోర్డులు మాత్రం ఆ హద్దును నాలుగు వేల పైచిలుకు వాట్లుగా పెట్టి పంపేవి, అంటే హద్దే లేదని. శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వోల్టేజీ పదో వంతు తగ్గితే శక్తి దాదాపు అయిదో వంతు తగ్గుతుంది, వేగంలో నష్టం మాత్రం చాలా తక్కువ. ఏఎండీ బోర్డుల్లో ఎకో మోడ్ చేసేది ఇంచుమించు ఇదే; 142 వాట్ల ప్రాసెసర్‌ను 88కి దించవచ్చు. కొత్త కూలర్ కొనే ముందు ఖర్చు లేని ఈ పని చేసి చూడడం నా మట్టుకు నాకు సబబుగా తోస్తుంది.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో ఇంకో మాట. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల సాఫ్ట్‌వేర్) అవసరానికి మించిన వోల్టేజీ అడగడం వల్ల అవి అస్థిరమవుతున్నాయని 2024లో ఆ సంస్థే ఒప్పుకుని, ఆగస్టులో సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. వీటిని, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, కూలర్ విప్పే ముందు బయాస్ ఆ తర్వాతిదేనా అని చూసుకోవాలి. అప్పటికే దెబ్బతిన్న చిప్పును మాత్రం ఆ సవరణ బాగుచేయలేదు. దాన్ని వారంటీ కింద మార్పించుకోవడమే దారి.